చీకటి గుహలో నా చప్పుడు

నేను ఒక మడత కర్రను. చూపు తక్కువైనవాళ్ళు దారి తడుముకుంటూ నడవడానికి పట్టుకునే తెల్ల కర్ర. ప్రస్తుతం నాలుగు ముక్కలుగా మడతపడి, జిప్పు చెడిపోయిన ఒక సంచి అడుగున, తువ్వాళ్ళకీ కారప్పూస పొట్లానికీ మధ్య నలుగుతున్నాను. బయట పెద్ద గొడవ జరుగుతోంది. ఆ గొడవ నా గురించే.

"ఐడీ కార్డు తీసి ఇలా ఇచ్చెయ్," అంటున్నాడు పార్కు సూపర్‌వైజరు.

"నేనెందుకు తీస్తానండీ ఆ కర్ర? అమ్ముకుంటానా, పొయ్యిలో పెట్టుకుంటానా? మీ మనిషే పట్టుకెళ్ళారని మొత్తుకుంటున్నా కదండీ!" ఇది కరుణమ్మ గొంతు. నీళ్ళ పడవ ఎక్కేవాళ్ళ సామాన్లు తీసుకుని దాచిపెట్టే ఉద్యోగం ఆమెది.

"మా వాళ్ళెవరూ తీయలేదు. అయినా అది కర్ర కాదు, గొడుగు," ఇది తాతారావు. ఏలూరులో ప్లైవుడ్ దుకాణం. నా యజమానికి తండ్రి.

"గొడుగు కోసమా సార్ ఇంత గొడవ?" అన్నాడు సూపర్‌వైజరు.

నా యజమాని పేరు మేదిని. ఆమె సిమెంటు అరుగు మీద కూర్చుని ఉంది. నుదురు చిట్లింది. ఎవరో ఇచ్చిన చేతిరుమాలు అప్పుడే ఎర్రబడిపోయింది. ఆమె చుట్టూ తల్లి, తండ్రి, అక్క, అక్కను చేసుకోబోయే కుర్రాడు, అతని తల్లి. వీళ్ళు కాక చోద్యం చూడ్డానికి ఐస్‌క్రీములు చప్పరిస్తూ నిలబడ్డ మరో ఇరవై మంది.

ఈ సాయంత్రం పార్కు గేటు పక్కన హోటల్లో తాంబూలాలు పుచ్చుకోవాలి. అక్క పెళ్ళి ఖాయం కావాలి. నేను ఈ సంచిలోంచి బయటపడితే ఆ పెళ్ళి ఆగిపోతుందని ఇంటిల్లిపాదికీ భయం. అందుకే నన్నెవరో దాచేశారు. ఆ దొంగ ఆ అయిదుగురిలోనే ఉన్నారు. మేదిని రక్తం చూసి అందరికంటే గట్టిగా "అయ్యో" అన్నది కూడా ఆ దొంగేనేమో, నాకు తెలియదు. తువ్వాలు అడ్డం ఉంది.

అసలు నేనిక్కడికి ఎలా వచ్చానో చెప్పాలి. వినండి, పెద్ద కథేం కాదు.

నేను అల్యూమినియం గొట్టంగా పుట్టాను. నాతోపాటు పుట్టిన గొట్టాల్లో కొన్ని కర్టెన్ రాడ్లయి మంచి మంచి ఇళ్ళలో స్థిరపడ్డాయి. నన్ను మాత్రం ముక్కలుగా కోసి, లోపల ఎలాస్టిక్ తాడు దూర్చి, పైన తెలుపు, కింద ఎరుపు పట్టీ అంటించి, ఒక చివర రబ్బరు పిడి, రెండో చివర నైలాన్ మొన తొడిగారు. మడిస్తే చేతిసంచిలో పడతాను. విదిలిస్తే ఠక్కున నిటారుగా నిలబడతాను. మనుషులకి వెన్నెముక ఒకటే, నాకు అవసరాన్ని బట్టి ఉంటుంది. ఆ విషయంలో నేను వాళ్ళకంటే మెరుగనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, వాళ్ళూ నాలాంటివాళ్ళేనని.

నా మొదటి యజమాని రిటైరైన తహసీల్దారు. షుగరు వల్ల చూపు పోయింది. కూతురు నన్ను కొని తెచ్చింది. ఆయన నాతో దండెం మీద చొక్కాలు దింపాడు, పిల్లుల్ని తరిమాడు, టీవీ గట్టిగా పెట్టిన మనవడి వీపు పొడిచాడు. వీధిలోకి మాత్రం ఒక్కసారీ తీసుకెళ్ళలేదు. తహసీల్దారు గుడ్డివాడయ్యాడని ఊరనుకుంటే పరువేం కావాలి? ఒకరోజు నన్ను తలుపు వెనక చిలక్కొయ్యకి తగిలించి, పక్కింటాయనతో కబుర్లు చెబుతూ సొంత ఇంటి ముందున్న కాలవలో పడ్డాడు. తుంటి విరిగింది. ఆ మంచం మీద నుంచి మళ్ళీ లేవలేదు. ఊరు మాత్రం పాపం చాలా మంచిగా అనుకుంది: తహసీల్దారుగారు కాలు జారి పోయారట.

పెద్దకర్మ అయ్యాక నన్నూ ఆయన కళ్ళజోళ్ళనీ కంటి ఆస్పత్రికి దానమిచ్చి ఫోటో దిగారు. అక్కడ నన్ను మేదిని చేతికిచ్చారు.

మేదిని చూపు విచిత్రమైంది. తాళం కన్నంలోంచి గదిని చూసినట్టు ఉంటుందామెకి. నడిమధ్యలో ఉన్నది స్పష్టంగా కనిపిస్తుంది. పక్కన ఉన్నదీ, కింద ఉన్నదీ కనిపించవు. ఫోనులో చిన్న అక్షరాలు చదువుతుంది, కాళ్ళ దగ్గర కుర్చీ తన్నుకుంటుంది. చీకటి పడితే అదీ లేదు. లోకానికి గుడ్డివాళ్ళు అర్థమవుతారు, చూపున్నవాళ్ళు అర్థమవుతారు. సగం చూపు ఉన్నవాళ్ళని మాత్రం నటిస్తున్నారంటుంది. "ఫోన్ చూస్తుందట, మెట్టు చూడదట!" అని కాలేజీ లైబ్రరీలో ఆమెతో పనిచేసేవాళ్ళు నవ్వుకోవడం నేను బల్ల కింద నుంచి చాలాసార్లు విన్నాను.

ఆస్పత్రిలో డాక్టరు ఒక మాట చెప్పింది. "ఇది రేచీకటితో మొదలయ్యే జబ్బు. రక్తంలో వస్తుంది. ఇంట్లో అందరూ ఒకసారి పరీక్ష చేయించుకోండి."

ఎవరూ చేయించుకోలేదు. పరీక్ష చేయించుకోకపోతే జబ్బు ఉండదని తాతారావు నమ్మకం.

ఆ ఇంట్లో నన్ను ముట్టుకున్నది మేదిని ఒక్కతే. ఊడ్చేటప్పుడు తల్లి మంగతాయారు నన్ను చీపురుతో పక్కకి నెట్టేది, చచ్చిన బొద్దింకని నెట్టినట్టు. తండ్రి నా వైపు చూసేవాడు కాదు. అక్క హిమజ నన్ను దాటుకుని వెళ్ళి చెల్లి భుజం పట్టుకునేది. "ఇదెందుకు పాపా, నేను లేనూ?" అనేది. మేదినికి ఇరవై నాలుగేళ్ళొచ్చాయి, హిమజకి ఇంకా పాపే. తల్లీ తండ్రీ పేరు పెట్టే పిలుస్తారు, అక్క మాత్రం పాప అంటుంది. మేదినికి ఆ పిలుపంటే ప్రాణం.

హిమజకి గుడివాడ సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల రోజున మేదినికి ఏదో పరీక్ష ఉందని చెప్పి స్నేహితురాలింటికి పంపేశారు. చూపులు చూడ్డానికి వచ్చినవాళ్ళకి చూపు లేని పిల్ల కనిపించకూడదు కదా. కుర్రాడు శశాంక్‌కి హిమజ నచ్చింది. అతని తల్లి సీతారత్నం మాత్రం పెద్ద గడుసు మనిషి.

"ఇళ్ళల్లో అందరం నటిస్తామండీ అన్నయ్యగారూ," అంది తాతారావుతో. "ఓ రోజంతా బయట తిరిగితే అసలు మనుషులు బయటపడతారు. హైవే మీద ఆ ఆటల పార్కుకి పోదాం. మీ చిన్నమ్మాయిని ఇంతవరకూ చూడలేదు. తీసుకురావాలి సుమండీ."

అలా వచ్చాం. పెళ్ళివారికంటే ముందే వచ్చాం, ఎందుకంటే నన్ను దాచాలి.

టికెట్టు కిటికీ దగ్గర కుర్రాడు నన్ను చూసి మర్యాదగా అన్నాడు. "మేడమ్‌కి సగం టికెట్టే సార్. లైన్లో నిలబడక్కర్లేదు, వేరే దారి ఉంది."

"అక్కర్లేదు. పూర్తి టికెట్టే ఇవ్వు," అన్నాడు తాతారావు. ప్లైవుడ్ ముక్క కూడా రాయితీ లేకుండా కొనని మనిషి. ఇలా అనడం ఆయన జీవితంలో ఇదే మొదటిసారి అనుకుంటా.

లోపలికి రాగానే మంగతాయారు మొదలుపెట్టింది. "మేదినీ, దాన్ని మడిచి సంచిలో పడెయ్యవే. వాళ్ళొచ్చేస్తారు."

"పడేస్తే నేనెలా నడవనమ్మా?"

"అక్క చెయ్యి పట్టుకో."

"అక్క శశాంక్ గారి పక్కన నడవాలిగా. మధ్యలో నేనెందుకు?"

"ఒక్క రోజే. ఒక్క రోజు కళ్ళున్నదానిలా ఉండలేవా?"

మేదిని నన్ను మడిచింది గానీ సంచిలో వెయ్యలేదు, చంకలో పెట్టుకుంది. తల్లీకూతుళ్ళ మధ్య ఆఖరికి ఒప్పందం ఏమిటంటే, ఎవరైనా అడిగితే నేను గొడుగుని.

పెళ్ళివారొచ్చారు. ఎండ మండిపోతోంది. సీతారత్నం రాగానే నా మీదే కన్నేసింది.

"గొడుగు తెచ్చుకున్నావు, మంచిపని చేశావమ్మా. తెరవకూడదూ? నెత్తి మాడిపోతోంది."

"అది... వానకి మాత్రమే అండీ," అంది మేదిని.

ఆ పార్కు చూపున్నవాళ్ళు చూపున్నవాళ్ళ కోసం కట్టుకున్నది. మెట్ల అంచున పసుపు గీత లేదు. మెట్టూ నేలా ఒకటే రంగు టైలు. దారి చెప్పే బోర్డుల మీద తళతళలాడే అక్షరాలు, ఎండలో అవి అద్దంలా మెరుస్తాయి. ఎవర్ని ఏ దారి అడిగినా "అదిగో, అటు" అని వేలు చూపిస్తారు. ఆ వేలు మేదినికి కనిపించదు. "అటు అంటే ఎటండీ?" అని ఆమె అడిగితే వాళ్ళు ఇంకాస్త గట్టిగా "అటే!" అంటారు. గట్టిగా అరిస్తే వేలు పెద్దదవుతుందని మనుషుల నమ్మకం.

హిమజ మాత్రం ప్రేమగా చెల్లి చెయ్యి పట్టుకుంది. "మెట్టు పాపా. గట్టు పాపా." సీతారత్నం మురిసిపోయింది. "అక్కచెల్లెళ్ళ ప్రేమ చూడరా శశాంకూ. నాకీ పిల్లే కావాలి."

నీళ్ళ పడవ దగ్గరికి వెళ్ళాం. పైనుంచి జర్రున జారి కింద చెరువులో దబ్బున పడే పడవ. ఎక్కేవాళ్ళందరికీ ఒకే రకం నీలం రెయిన్‌కోటు ఇస్తారు, తలకి టోపీతో సహా. చేతిలో వస్తువులేవీ ఉండకూడదు. కరుణమ్మ అందరి దగ్గరా ఫోన్లూ చెప్పులూ తీసుకుని ప్లాస్టిక్ బుట్టల్లో పెడుతోంది. నన్ను తీసుకున్నప్పుడు ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆమె నన్ను గుర్తుపట్టింది.

"జాగ్రత్తగా పెడతానమ్మా," అంది మెల్లగా, మేదినికి మాత్రమే వినపడేట్టు. ఆ రోజు మొత్తంలో నా గురించి ఎవరైనా మర్యాదగా మాట్లాడింది ఆ ఒక్కసారే. అదే ఆమె మెడకి చుట్టుకుంది.

పడవ దిగేటప్పుడు మేదిని వెనకబడింది. అందరూ గెంతి దిగారు. ఆమె మాత్రం తండ్రి భుజం పట్టుకుని, పాదంతో అంచు వెతుక్కుని దిగాలి. ఆ సందులో ఒక నీలం రెయిన్‌కోటు కరుణమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. పై నుంచి మరో పడవ జారుతోంది, జనం కేకలు, మైకులో పాట. ఆ మనిషి ఏమన్నారో నాకు వినపడలేదు. ఒక తడి చెయ్యి బుట్టలోకి వచ్చి నన్ను తీసుకుంది.

కొత్త చెయ్యి. ఆ ఇంట్లో మేదిని తప్ప ఎవరూ నన్ను ముట్టుకోలేదని చెప్పాను కదా. అందుకే అది ఎవరి చెయ్యో పోల్చుకోలేకపోయాను. మరుక్షణం తువ్వాళ్ళ మధ్య ఉన్నాను. అది ఇంటిల్లిపాదీ ఉమ్మడిగా వాడే సంచి. పొద్దుటినుంచి ముగ్గురి భుజాలూ మారింది.

"నా కర్ర ఏదండీ?" మేదిని గొంతు.

"అదేంటమ్మా, ఇప్పుడే మీవాళ్ళు..." కరుణమ్మ మాట పూర్తికాలేదు.

"సరే సరే, దొరుకుతుందిలే, పదండి ఆకలేస్తోంది," అని మంగతాయారు అందర్నీ తోసుకుపోయింది. ఆమెకి పోయిందేమీ లేదు, ఓ శని వదిలింది.

భోజనాల దగ్గర సీతారత్నం ప్రేమగా ఒక బొబ్బట్టు తీసి మేదిని పక్కన చెయ్యి చాపింది. మేదిని నేరుగా ముందుకి చూస్తూ కూర్చుంది. పక్కనున్న చెయ్యి ఆమెకి ఎలా కనిపిస్తుంది? సీతారత్నం అలాగే చెయ్యి చాపి ఉంది. బొబ్బట్టు నెయ్యి కారి ఆమె గాజుల మీద పడింది.

"ఏమ్మా, మా చేత్తో ఇస్తే తినవా?"

మేదిని గతుక్కుమంది. నోరు తెరిచింది. నాకు తెలుసు ఆమె నిజం చెప్పబోతోందని. తాతారావుకీ తెలుసు.

"దానికి కాస్త పొగరండీ," అన్నాడాయన నవ్వుతూ. "చిన్నప్పట్నుంచీ అంతే. ఏమీ అనుకోకండి."

"పొగరుదా?"

"పొగరుదే. మా హిమజ అలా కాదు."

చూపు లేదనే కంటే పొగరుందనడం నయం వాళ్ళకి. పొగరు రక్తంలో రాదు మరి. మేదిని తల వంచుకుని తింది. అక్క పెళ్ళి ఆమెకీ ముఖ్యమే. అక్క మీద ప్రేమతో ఆ మధ్యాహ్నమంతా పొగరుబోతుగా ఉంది. అత్తగారు కాబోయే ఆవిడ పలకరిస్తే పలకలేదు, శశాంక్ ఐస్‌క్రీమ్ ఇస్తే అందుకోలేదు. మేదిని ఎవరో చిన్నపిల్ల కాలు తొక్కింది. "కళ్ళు నెత్తికెక్కాయా?" అని ఆ పిల్ల తల్లి తిట్టింది. మేదిని నవ్వింది. తిట్టే మనిషికి ఆ నవ్వు ఇంకా మండింది.

తర్వాత గుహ.

"చీకటి గుహ" అని బోర్డు. లోపల దయ్యాలూ అస్థిపంజరాలూ. కాలినడకన ఒక చివర దూరి రెండో చివర తేలాలి. మేదిని ఆగిపోయింది.

"నేను బయటే ఉంటానండీ."

"భయమా?" సీతారత్నం నవ్వింది. "పొగరున్నవాళ్ళకి భయం ఉండదే!"

"వెళ్తుందండీ, ఎందుకు వెళ్ళదు," అన్నాడు తాతారావు. ఆయన మాత్రం మోకాళ్ళ నొప్పులని బయట బెంచీ మీద కూర్చున్నాడు. శశాంక్ ముందే దూసుకుపోయాడు, అవతల నిలబడి అందరూ అరుస్తూ బయటికొచ్చే ఫోటో తీస్తానని. మిగిలింది నలుగురు ఆడవాళ్ళు. సంచి మంగతాయారు భుజాన ఉంది.

లోపలికి అడుగుపెట్టగానే వెనక నుంచి స్కూలు పిల్లల గుంపు ఒకటి కేకలు వేస్తూ తోసుకొచ్చింది. అందరూ చెదిరిపోయారు. "అక్కా!" అని మేదిని పిలవడం విన్నాను. జవాబు వినపడలేదు.

సంచి నోట్లోకి ఒక చెయ్యి వచ్చింది. అదే చెయ్యి. ఈసారి తడి నీళ్ళది కాదు, చెమట. తువ్వాళ్ళు తవ్వి నన్ను పట్టుకుంది. బయటికి లాగి, ఒక్క విదిలింపు విదిలించింది. నా ముక్కలు ఠక్కున కలిశాయి.

దాయడానికి తీసినవాళ్ళు నన్నెందుకు తెరుస్తారు? నాకు ఒక్క అడుగులో అర్థమైపోయింది. ఆ చెయ్యి నన్ను ఎడమకి ఊపి కుడి కాలు వేసింది, కుడికి ఊపి ఎడమ కాలు వేసింది. ఎవరూ నేర్పకుండా, పక్కనుండి రోజూ చూసి నేర్చుకున్న వాటం. సరదాకి పట్టుకున్న చెయ్యి ఇలా ఊపదు.  గోడకి తగిలితే ఆగుతోంది. నేను లేకపోతే అడుగు వెయ్యలేని చెయ్యి అది. ఆ చీకట్లో మేదినికి ఎంత కనిపించదో ఈ మనిషికీ అంతే కనిపించదు.

నా పని నేను చేశాను. నాకు మనిషి ఎవరైతే ఏమిటి? టక్, టక్, టక్.

నా నైలాన్ మొన ఒక పక్కకి అరిగింది, అందుకని నా చప్పుడు చిట్లిన గాజులా ఉంటుంది. ఆ చప్పుడు లోకంలో ఒక్కరికి బాగా తెలుసు. వెనక ఎక్కడో గోడ పట్టుకుని నిలబడిపోయిన మేదిని దాన్ని విన్నది. తన కర్ర తనకి ముందు నడుస్తోంది! ఆమె గోడ వదిలేసింది. నా చప్పుడు పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. నా మీద అంత నమ్మకం ఆమెకి.

చివర్లో దిగుడు మెట్లున్నాయి. నేను వాటిని తడిమి పట్టుకుని, నన్ను పట్టుకున్న మనిషిని భద్రంగా కిందికి దించాను. మళ్ళీ నన్ను మడిచారు, వెనకే మెట్లు దిగొచ్చిన మంగతాయారు భుజాన ఉన్న సంచిలోకి తోశారు, మళ్ళీ తువ్వాళ్ళు. సంచిలో పడ్డ క్షణంలోనే వెనక నుంచి ఒక శరీరం మెట్ల మీద నుంచి దొర్లిన చప్పుడు వినిపించింది.

శశాంక్ ఫోటో తీశాడు. నెత్తురుతో బయటికొచ్చిన ఆ ముఖాన్ని చూసి జనం ముందు చప్పట్లు కొట్టారు, గుహలో వేసిన దయ్యం వేషం అనుకుని.

అదీ జరిగింది. మేదిని 'నా కర్ర' అని వెతుక్కుంటే, అది నీళ్ళ పడవ దగ్గర పోయిందని తెలిసి సూపర్‌వైజరు కరుణమ్మని పిలిపించాడు. ఇప్పుడు గొడవలోకి వద్దాం.

"తువ్వాలు ఇవ్వండి, రక్తం ఆగట్లేదు," అన్నాడు శశాంక్. ఎవరూ కదలకముందే తనే సంచిలో చెయ్యిపెట్టి తువ్వాలు లాగాడు. తువ్వాలుతో పాటు నేనూ వచ్చి నేల మీద పడ్డాను. పడుతూనే అలవాటు చొప్పున పొడవుగా విచ్చుకున్నాను. తెలుపు, ఎరుపు. ఎంత తెలివితక్కువ మనిషైనా గొడుగు అనడానికి వీల్లేదు.



"ఇదేనండీ!" కరుణమ్మ అరిచింది. "మీ సంచిలోనే ఉంది! నేను చెప్పలా?"

సీతారత్నం నా వైపూ మేదిని వైపూ చూసింది. "గుడ్డివాళ్ళ కర్ర కదూ ఇది? ఏమ్మా, నీకు కళ్ళు కనిపించవా?"

"తక్కువండీ," అంది మేదిని.

"మరి పొగరన్నారు?"

తాతారావు గొంతు సవరించుకున్నాడు. 

"ఇంతకీ ఎవరికిచ్చావు నువ్వు?" సూపర్‌వైజరు కరుణమ్మని నిలదీశాడు.

"అందరూ నీలం కోటుల్లోనే ఉన్నారండీ, ముఖం సరిగ్గా చూళ్ళేదు. ఆడమనిషే. 'మా పాపది, ఇలా ఇవ్వండి' అన్నారు. పాప అన్నారంటే తల్లి కాక ఇంకెవరండీ? ఈ అమ్మగారే." ఆమె వేలు మంగతాయారు మీద నిలిచింది.

మంగతాయారు అదిరిపడింది. కాదనడానికి నోరు తెరిచింది. మేదినిని పాప అని పిలిచేది ఎవరో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా అంది.

"అవును. నేనే తీశాను వదినగారూ. ఆ కర్రతో పిల్లని మీ ముందు నిలబెట్టలేక... చిన్నప్పుడు దీనికి పెద్ద జ్వరమొచ్చి చూపు దెబ్బతింది. దీనికొక్కదానికే. మా వంశంలో ఎవరికీ లేదు."

ఎంత చక్కటి అబద్ధం! పెళ్ళి మళ్ళీ ఊపిరి పీల్చుకుంది. సీతారత్నం కూడా మెత్తబడింది. "జ్వరమా? అయ్యో. ముందే చెప్పొచ్చు కదండీ. తల్లి మనసు, నేనైనా అదే చేసేదాన్ని."

శశాంక్ నవ్వబోయాడు. హిమజ ఓణీతో చెల్లి నుదురు అద్దింది.

అంతలో సీతారత్నం ఏదో లెక్క తప్పినట్టు ఆగింది. "ఒక్కమాట వదినగారూ. గుహలో మీరు నన్ను పట్టుకుని వదల్లేదు. రెండు చేతులూ నా మెడ చుట్టే ఉన్నాయి, చూడండి గోళ్ళు కూడా దిగాయి. మాకు ముందు ఎవరో టకటకమని కర్ర కొట్టుకుంటూ పోయారు. అది దయ్యాల చప్పుడేమో అనుకున్నా. మీ చేతులు నా మెడ చుట్టూ ఉంటే మరి ఆ కర్ర ఎవరు కొట్టారు?"

 అబద్ధానికి ఒకసారి ఊపిరి పోయొచ్చు, రెండోసారి కష్టం.

ఆ పని తాతారావు అందుకున్నాడు. వ్యాపారస్తుడు కదా. "అయ్యా, ఇదంతా ఈ పనిమనిషి నాటకం. కర్ర ఈవిడే తీసింది. గొడవవుతుందని భయపడి మా సంచిలో పడేసింది. మా ఆవిడ మంచితనం కొద్దీ తన నెత్తిన వేసుకుంది. పోలీసుల్ని పిలవండి."

సూపర్‌వైజరుకి ఇది చాలా నచ్చింది. పార్కు తప్పు లేదు, డబ్బిచ్చి వచ్చినవాళ్ళ తప్పు లేదు. తప్పు ఒక్క కరుణమ్మదే అయితే అందరికీ సుఖం. "ఎవరైనా చూశారా సార్?"

తాతారావు పెద్దకూతురి వైపు చూశాడు.

"నేను చూశాను," అంది హిమజ. గొంతు ఏమాత్రం వణకలేదు. "గుహ చివర, ఆ చీకట్లో, ఈవిడ మా సంచి పక్కన తచ్చాడుతోంది. నా కళ్ళతో చూశాను."

"అమ్మాయిగోరూ!" కరుణమ్మ నిర్ఘాంతపోయింది. "నేను గుహ వేపే రాలేదండీ! నాకు ఇద్దరు పిల్లలండీ, ఈ ఉద్యోగం..."

కార్డు మెడలోంచి లాగేశారు. దారం తెగిన చప్పుడు నాకు వినపడింది. సెక్యూరిటీవాడు ఆమె రెక్క పట్టుకున్నాడు. ఐస్‌క్రీముల జనంలో ఎవరో "ఇలాంటోళ్ళని తన్నాలి" అన్నారు.

మేదిని అరుగు మీద నుంచి లేచింది. వంగి నేల మీద చేత్తో వెతికింది. ఎవరూ నన్ను అందివ్వలేదు. ఆమె వేళ్ళే నన్ను కనుక్కున్నాయి. నా పిడి పట్టుకుంది. పట్టుకుని ఆగిపోయింది. నా పిడి మీది తాడుని ఆమె ఎప్పుడూ మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకుంటుంది. అది ఇప్పుడు రెండు చుట్లు బిగించి ఉంది, జారిపోతుందని భయపడే చేతికి బిగించినట్టు.

"గుహలో ఎవరు కొట్టారమ్మా కర్ర?" సీతారత్నం ఈసారి సూటిగా మేదినినే అడిగింది. "నువ్వు చెప్పు. నువ్వు వెనకే ఉన్నావు. నీకు తెలిసే ఉంటుంది."

"దానికేం తెలుస్తుందండీ, కనిపించదు కదా," అన్నాడు తాతారావు.

"కనిపించదు నాన్నా. వినిపిస్తుంది," అంది మేదిని.

హిమజ వచ్చి చెల్లి చెయ్యి పట్టుకుంది. గట్టిగా. వేళ్ళు చల్లగా ఉన్నాయి, నాకు తగిలాయి. అప్పుడు పోల్చుకున్నాను ఆ చేతిని. తడిసిన చెయ్యి, చెమట పట్టిన చెయ్యి, నేను మెట్లు దించిన చెయ్యి.

"పాపా," అంది హిమజ గుసగుసగా. "వద్దు. నీకు దండం పెడతా. ఈ ఒక్కటీ పోతే నాకింకేం లేదు. నా పరిస్థితి నీకు తెలియదా?"

"నీకు తెలుసు కదక్కా, నేను వెనకే వస్తున్నానని?"

హిమజ పట్టు ఇంకా బిగించింది.

"నేను పిలిచాను. నువ్వు విన్నావు. నా కర్రతో నువ్వు మెట్లు దిగావు. ఒక్క మాట, 'పాపా మెట్లున్నాయి' అని ఒక్క మాట అనలేకపోయావా?"

"అంటే నేనని తెలిసిపోయేది," అంది హిమజ. అంత మెల్లగా అంది, నాకూ మేదినికీ తప్ప ఎవరికీ వినపడలేదు.

అవతల కరుణమ్మ ఏడుస్తోంది. సెక్యూరిటీవాడు ఆమెని గేటు వైపు నడిపిస్తున్నాడు.

మేదిని అక్క చెయ్యి విడిపించుకుంది. ఒక్కొక్క వేలూ విడదీసి. కరుణమ్మ ఏడుపు ఎటు వినపడుతోందో అటు తిరిగి నిలబడింది.

"ఆమెని వదిలేయండి," అంది, జనమంతా వినేట్టు. "ఆ చీకట్లో మా అక్క ఎవరినీ చూడలేదు. చూడలేదు కాబట్టే నా కర్ర పట్టుకుని నడిచింది. దాన్ని తీసింది మా అమ్మ కాదు, ఈ అమ్మ కాదు. మా అక్క. హిమజ."